కాపలా అక్కర్లేని ఇల్లు

7 ఫిబ్రవరి 1999, ఆదివారం

ఈ రోజు నుంచి మేం మాదాపూర్ వాసులం.

ఉదయం తొమ్మిదీ పదకొండుకు గృహప్రవేశం. ఇల్లు మాది కాదు, అయినా పాలు పొంగించింది మా ఆవిడ రాజేశ్వరే. మా యజమాని చెన్నకేశవులు గారు ఈ కొండరాళ్ళ మధ్య కట్టబోయే అరవై నాలుగు ఇళ్ళకు ఇది నమూనా ఇల్లు. మేం నమూనా కుటుంబం. మేమిద్దరం ఇందులో హాయిగా బతుకుతూ ఉంటే, కొనేవాళ్ళు వచ్చి చూసి ఇలాంటిదే తమకూ కావాలని అడుగుతారట. ఇరవై రెండేళ్ళు సర్కారీ కంపెనీలో రేడియోలకు సర్క్యూట్లు గీసినవాణ్ణి. నలభై ఎనిమిదో ఏట ఇంటికంతటికీ ఒకే సర్క్యూట్ గీసే అవకాశం దక్కింది. గేటు, దీపాలు, గీజరు అన్నీ కంప్యూటర్ చెప్పినట్టు వింటాయి. కంప్యూటర్ ఇంటర్నెట్‌లో ఉంటుంది. అంటే ఆఫీసులో కూర్చుని ఇంట్లో దీపం వెలిగించవచ్చు. ఇంట్లో ఎవరూ లేనప్పుడు దీపం ఎందుకండీ అని రాజేశ్వరి అడిగింది. ఆవిడకు సైన్సంటే మొదటి నుంచీ గౌరవం లేదు.

గేటు పక్కన పెద్ద బోర్డు పెట్టారు. ‘కాపలా అక్కర్లేని ఇల్లు’. ఆ బోర్డును ఎవరైనా ఎత్తుకుపోతారేమోనని ఒక వాచ్‌మన్‌ను కూడా పెట్టారు. పేరు సాయిలు, నార్సింగి మనిషి. భార్య బాలమ్మ పక్క ఆఫీసులో ఊడ్చే పని చేస్తుంది. ఇద్దరికీ గేటు పక్క బండ వెనకాల ఒక రేకుల గది. కొనేవాళ్ళు వచ్చినప్పుడు సాయిలు ఖాకీ చొక్కా విప్పేసి బండ వెనక్కి వెళ్ళి కూర్చోవాలి. గేటును చేత్తో ముట్టుకోకూడదు. ఇవి చెన్నకేశవులు గారి ఆజ్ఞలు.

“కాపలా వద్దన్న ఇంటికి కాపలా ఏంది సార్?” అని సాయిలు నన్ను అడిగాడు.

“ఇంటికి కాదు, బోర్డుకు” అన్నాను. అతను బోర్డు వంక కాసేపు చూసి, సరే అన్నట్టు తలూపాడు.

ఒక్క పొరపాటు జరిగింది. సంకల్పంలో ఇంటి పేరేమిటని పురోహితుడు అడిగితే, చెన్నకేశవులు గారు ఉత్సాహం పట్టలేక గేటు పాస్‌వర్డు చెప్పేశారు. సంఖ్యాశాస్త్రం చూపించి పెట్టుకున్న మాట కదా, శుభం కలుగుతుందని. మైకు ముందర! పురోహితుడు దాన్ని గోత్రనామాలతో కలిపి మూడుసార్లు చదివాడు. కొత్తగూడ దాకా వినిపించి ఉంటుంది.

సాయంత్రమే మార్చేశాను. ఇప్పుడు పద్నాలుగు అక్షరాలు, అంకెలు. దేవుడు కూడా తెరవలేడు.

9 ఫిబ్రవరి

గేటు బ్రహ్మాండంగా పనిచేస్తోంది.

12 ఫిబ్రవరి, శుక్రవారం

ఈ రోజు రాజేశ్వరి గంటన్నర సేపు ఎండలో నిలబడింది. కూరగాయలకు వెళ్ళి వచ్చి, గేటు మీటల మీద పద్నాలుగూ నొక్కింది. ఎక్కడో ఒకటి తప్పింది. మూడుసార్లు తప్పితే గేటు బిగుసుకుపోతుంది, అది నేను పెట్టిన జాగ్రత్తే. అలా బిగుసుకున్నదాన్ని ఆఫీసు కంప్యూటర్ నుంచి ఇంటర్నెట్ ద్వారా వదిలించాలి. ఇంటర్నెట్ కలవలేదు. కీచుమంటుంది, గుర్రుమంటుంది, ఆగిపోతుంది. నేను అక్కడ చెమటలు కక్కుతున్నాను, ఆవిడ ఇక్కడ.

సాయిలు “నేను తెరుస్తనమ్మా” అన్నాడట. లోపల మోటారుకు చేత్తో తిప్పే పిడి ఉంది. కానీ కొనేవాళ్ళ కారు ఒకటి అప్పుడే వచ్చి ఆగింది. వాళ్ళ ముందు గేటు ముట్టుకుంటే నౌకరీ పోతుంది కదా. అందుకని గోడ దూకి ఒక కుర్చీ, గొడుగు, చెంబుడు నీళ్ళు తెచ్చి రాజేశ్వరికి ఇచ్చి, బండ వెనక్కి పోయి కూర్చున్నాడు. కాపలా అక్కర్లేని ఇంటి ముందు రోడ్డు మీద కుర్చీ వేసుకుని గొడుగు పట్టుకున్న ఇల్లాలిని వచ్చినవాళ్ళు చాలాసేపు చూశారట. ఇంకో రోజు వస్తామని వెళ్ళిపోయారు.

రాత్రి భోజనం దగ్గర ఆవిడ కూర గిన్నె నా వైపు తోసేసింది. పెరుగు మాత్రం వడ్డించింది.

13 ఫిబ్రవరి

పాస్‌వర్డు మనుషులకు పనికొచ్చేది కాదు. ఇది ఒప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు.

ఒక చిన్న పెట్టె చేసి ఫోను తీగకు తగిలించాను. ఫోను ఎన్ని గంటలు మోగి ఆగిందో అది లెక్కపెడుతుంది. రెండు మోగి ఆగితే గీజరు, మూడు మోగి ఆగితే గేటు. కిరాణా కొట్టు దగ్గర ఫోను ఉండనే ఉంది. రాజేశ్వరి అక్కడి నుంచి మూడు రింగులు ఇచ్చి పెట్టేస్తే, నడిచి వచ్చేసరికి గేటు తెరుచుకుని ఉంటుంది. ఎవరూ ఎత్తరు కనుక రూపాయి కూడా ఖర్చు కాదు. మూడే ఎందుకంటే మా వాళ్ళందరికీ అలవాటైన లెక్క అదే కదా, మరిచిపోరు. తెరుచుకోవడమే గానీ మూసుకునే ఏర్పాటు ఇంకా చెయ్యలేదు. తీరిక చూసుకుని చేస్తాను.

చెన్నకేశవులు గారికి చెప్పలేదు. పాస్‌వర్డు తప్ప వేరే దారి లేదని ఆయనకు సంతకం పెట్టి ఇచ్చాను. ఇదేమంత దారి కాదు, సందు లాంటిది. పరీక్షించేటప్పుడు సాయిలు బండ పక్క నుంచి చూస్తున్నాడు.

“ఎవ్వరికీ చెప్పకు సాయిలూ” అన్నాను.

“నేనేంది సార్ చెప్పేది” అన్నాడు.

17 ఫిబ్రవరి

పొద్దున గేటు బార్లా తెరిచి ఉంది. వోల్టేజి.

21 ఫిబ్రవరి, ఆదివారం

వదినగారు, అంటే రాజేశ్వరి అక్క పుణ్యవతి గారు, భోజనానికి వచ్చారు. వంకాయ కూర బాగా కుదిరింది. ఇల్లంతా చూసి, ‘మరిదిగారూ, ఇంత పెద్ద గేటు పెట్టి తాళం కప్ప లేదేమండీ’ అన్నారు. నవ్వి ఊరుకున్నాను. కొందరికి వివరించి లాభం లేదు.

మూడున్నరకు వనస్థలిపురం బస్సెక్కారు. అయిదుంబావుకు ఇంటికి చేరినట్టు మూడు రింగులు ఇచ్చి పెట్టేశారు. రాజేశ్వరి ‘అక్క చేరింది’ అని నిశ్చింతగా నడుం వాల్చింది. అదే సమయానికి గేటు తెరుచుకుంది. సాయిలు పరుగెత్తుకుంటూ వెళ్ళి మూశాడు.

వోల్టేజికి స్టెబిలైజరు కొనాలి.

24 ఫిబ్రవరి

మా అన్నయ్య తణుకు చేరాడు. గేటు. వోల్టేజి.

25 ఫిబ్రవరి

రాజేశ్వరి పిన్ని కొడుకు పరీక్ష రాసి విజయవాడ చేరాడు. గేటు.

స్టెబిలైజరు బిగించాక కూడా ఇలా అవుతోందంటే వోల్టేజి చాలా దారుణంగా ఉన్నట్టు.

1 మార్చి, సోమవారం

మధ్యాహ్నం బాత్‌రూము నిండా ఆవిరి. గీజరు దానంతట అది కాగిపోతోంది. రాజేశ్వరి వచ్చి తలుపు దగ్గర నిలబడింది.

“బాబాయిగారు రెండు రింగులు ఇచ్చారండీ. స్టేషన్లో దిగినట్టు.”

“దిగనీ.”

“అది కాదండీ...”

“వోల్టేజి” అన్నాను.

ఆవిడ నన్ను అదోలా చూసింది. పెళ్ళయిన కొత్తలో నాకు ఈత వచ్చని చెప్పి గోదావరిలో దిగినప్పుడు ఇలాగే చూసింది.

6 మార్చి, శనివారం

రాయాలని లేదు. రాస్తాను.

మేం మధ్యాహ్నం పెళ్ళికి వెళ్ళాం. పెళ్ళి మా వాళ్ళదే. భోజనాలయ్యాక ఎవరిళ్ళకు వాళ్ళు వెళ్ళారు. మేం సాయంత్రం అయిదింటికి వచ్చేసరికి గేటు తెరిచి ఉంది. వరండాలో పాలమ్మే కనకమ్మ బర్రె ఉంది.

అరవై నాలుగు ఇళ్ళ కాలనీకి థర్మోకోల్‌తో చేసిన నమూనా ఆ వరండాలోనే బల్ల మీద ఉండేది. ఫోటోల కోసం నిన్ననే దాని పార్కుల్లో పచ్చిక బదులు తాజా కొత్తిమీర అతికించారు. బర్రె పార్కులన్నీ మేసేసింది. తర్వాత క్లబ్బు హౌసు. పడమటి వీధిలో ఒక్క ఇల్లు మిగల్లేదు. మేం వెళ్ళేసరికి నీళ్ళ ట్యాంకు నములుతోంది.

సాయిలు, బాలమ్మ చెరో రెండు బిందెలతో పరుగెత్తుకు వచ్చారు. పంపు వచ్చిందని నీళ్ళకు వెళ్ళారట. పది నిమిషాలు. కనకమ్మ కూడా వచ్చింది. నేను గట్టిగా అరిస్తే ఆవిడ నాకంటే గట్టిగా అరిచింది.

“నా బర్రె తప్పేంది? గేటు తెరిసి పెట్టిండ్రు, లోపట కొత్తిమీర పెట్టిండ్రు! అది బర్రె సారూ, చుట్టం కాదు, పిలిస్తెనే వస్తనని కూసుండనీకె!”



7 మార్చి, ఆదివారం

చెన్నకేశవులు గారు వచ్చారు. పడమటి వీధి ఉండాల్సిన చోట చెయ్యి పెట్టి కాసేపు కూర్చున్నారు. పదకొండు రోజుల్లో ఉగాది, ఆ రోజే బుకింగులు మొదలు. ‘గేటు ఎవరు తెరిచారు?’ అని అడిగారు.

కంప్యూటర్ అన్నీ రాసిపెడుతుంది. కాగితం తీశాను. ‘4.10, ఫోను, మూడు’ అని ఉంది. 4.10కి ఎవరు ఎక్కడికి చేరారో నాకు తెలియదు. తెలుసుకోలేదు. ఇంగ్లీషులో ఉన్న ఆ కాగితానికి బదులు ఆయనకు నేను తెలుగులో రిపోర్టు రాసి ఇచ్చాను. ‘యంత్రములో దోషము లేదు. మానవ తప్పిదము.’ అంతే రాశాను. అంతకు మించి ఒక్క అక్షరం రాయలేదు.

“మిషన్ తప్పు చెయ్యదు, చేసేది మనిషే. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, మన మిషను పట్టేసింది విశ్వేశ్వరరావు గారూ!” అన్నారు.

సాయిలును పిలిచారు. వాచ్‌మన్లను పంపే మునిస్వామిని కూడా పిలిచారు. నా రిపోర్టు కింద ‘సాయిలు అను వాచ్‌మన్ గేటు తెరిచి పోయినాడు’ అని చెన్నకేశవులు గారే రాసి, నకలు మునిస్వామికి ఇచ్చారు. సాయిలు నా వైపు చూశాడు. ఏదో అంటాడనుకున్నాను. ఖాకీ చొక్కా విప్పి మడతపెట్టి కుర్చీ మీద పెట్టాడు. చొక్కా లేకుండానే బండ వెనక్కి వెళ్ళాడు, ఎవరో కొనేవాళ్ళు వచ్చినప్పటిలా. కాసేపట్లో ఇద్దరూ ఒక ట్రంకుపెట్టె, రెండు బిందెలు పట్టుకుని వెళ్ళిపోయారు.

8 మార్చి

రిపోర్టులో అబద్ధం ఏమీ లేదు. గేటు తెరిచి ఉంది. సాయిలు అక్కడ లేడు. రెండూ నిజాలే.

8 మార్చి, సాయంత్రం

మానవ తప్పిదం అన్నాను. ఏ మానవుడో రాయలేదు.

10 మార్చి, బుధవారం

ఆఫీసుకు సెలవు పెట్టాను. గేటు పొద్దుటి నుంచి అయిదుసార్లు తెరుచుకుంది. మొదటిసారి కుక్కలు. రెండోసారి చిట్‌ఫండ్ అతను సరాసరి హాల్లోకి వచ్చి సోఫాలో కూర్చుని మంచినీళ్ళు అడిగాడు. మూడోసారి బర్రె, అలవాటుగా వరండాలోకే వచ్చి ఖాళీ బల్ల చూసి అలిగి వెళ్ళింది. ఆ తర్వాత నేనే బండ వెనకాల సాయిలు కూర్చునే రాతి మీద కూర్చున్నాను. ఫోను మూడు మోగి ఆగుతుంది. నేను లేచి పరుగెత్తుతాను. పిడి తిప్పి గేటు మూస్తాను. మళ్ళీ వచ్చి కూర్చుంటాను. ఎమ్‌టెక్ చదివినవాణ్ణి.

మధ్యాహ్నం రాజేశ్వరి అక్కడికే అన్నం తెచ్చిపెట్టి పక్కన కూర్చుంది.

“మావాళ్ళు క్షేమంగా చేరినప్పుడల్లా గేటు తెరుచుకుంటోందండీ. నాకు తెలుసు. సాయిలుక్కూడా తెలుసు.”

“నాకూ తెలుసు” అన్నాను.

మొదటిసారి పైకి అన్నాను. వదినగారి రింగు రోజే తెలుసు. అంతకు ముందే తెలుసేమో కూడా. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు ఇన్నాళ్ళూ వోల్టేజి, వోల్టేజి అని డైరీలో రాసుకున్నాను. ఈ డైరీ నేను తప్ప ఎవరూ చదవరు. మరి ఎవరికి అబద్ధం చెబుతున్నట్టు?

“మీ వాళ్ళందరికీ రింగులు ఇవ్వొద్దని చెప్పెయ్యి” అన్నాను.

“చెప్పాను. ‘ఎందుకే, చేరామో లేదో నీకు పట్టదా’ అని అక్క ఏడ్చింది. అయినా పెట్టె పీకేస్తే పోతుంది కదండీ?”

పీకేస్తే పోతుంది. కానీ అప్పుడు పద్నాలుగు అక్షరాలు మిగులుతాయి, ఇంటర్నెట్ మిగులుతుంది. ఉగాది నాడు గేటు బిగుసుకుపోతే కొనేవాళ్ళంతా రోడ్డు మీద గొడుగులు పట్టుకుని నిలబడతారు. పీకితే నా ఉద్యోగం, పీకకపోతే సాయిలు ఉద్యోగం. అతనిది ఎలాగూ పోయింది కదా అనుకున్నాను. అనుకున్నానని రాస్తున్నాను, ఇక ఇక్కడైనా దాచను.

12 మార్చి, శుక్రవారం

నార్సింగి వెళ్ళాను. గోల్కొండ మీదుగా బస్సు, తర్వాత నడక. సాయిలు అన్న పాలకూర మడిలో కలుపు తీస్తున్నాడు.

“సార్, ఎండల గింత దూరం వచ్చిండ్రా? ముందుగాల నీళ్ళు తాగుండ్రి” అన్నాడు. చెంబు బాలమ్మ తెచ్చింది. ఇచ్చింది గానీ ఊరుకోలేదు.

“కాయితంల ఏం రాసిండ్రు సార్? ఏ బిల్డింగు కాడికి పోయినా మునిస్వామి గా కాయితమే తీసి సదువుతుండు. గేటు తెరిసి పోయెటోడంట. మా ఇంటాయన గేటు తెరిసి పోతడా? తిన్న పల్లెం ఇడిసి ఉరికేటోడు సార్, మీ గంట మోగంగనే!”

“నువ్వు జర ఊకో” అన్నాడు సాయిలు.

“నీకు ముందే తెలుసా?” అని అడిగాను.

“మూడు మోగి ఆగితే గేటు తెరుసుకుంటది. మీరు పెట్టె బిగించిన దినమే ఎరుక సార్. గప్పటి సంది మోగంగనే వచ్చి మూసేటోణ్ణి. గా ఒక్క దినం నీళ్ళకు పోయిన. గదే నా తప్పు.”

“మరి చెన్నకేశవులు గారు అడిగినప్పుడు ఈ మాట ఎందుకు చెప్పలేదయ్యా?”

నేనేదో తెలివితక్కువ ప్రశ్న వేసినట్టు చూశాడు.

“ఎవ్వరికి చెప్పొద్దని మీరే అంటిరి గద సార్.”

పాలకూర మడి వైపు తిరిగి, ఎరువు ఏం వేస్తారని అడిగాను. అతను చెప్పాడు. ఏం చెప్పాడో గుర్తులేదు.

బస్సు దాకా దిగబెట్టాడు. ఎక్కేముందు అన్నాడు: “నౌకరీ ఫికర్ లేదు సార్, ఇయ్యాల కాకుంటే రేపు. గా కాయితంల నా పేరు మీద రాసింది జర కొట్టేయిండ్రి. గంతే.”

ఇంటికి చేరాక చూస్తే సంచిలో రెండు పాలకూర కట్టలు ఉన్నాయి. ఎప్పుడు పెట్టాడో.

13 మార్చి

ఉత్తరం రాశాను. ‘కొన్ని అనివార్య సాంకేతిక కారణముల దృష్ట్యా, 6-3-99 నాటి సంఘటనలో వాచ్‌మన్ పాత్ర పునఃపరిశీలింపదగినదిగా భావించబడుచున్నది.’

రాజేశ్వరి చదివి, “భావించేది ఎవరండీ?” అంది.

14 మార్చి

‘టెలిఫోను గంటల ప్రభావము గేటుపై కొంతవరకు ఉండియుండవచ్చునని...’

ఈసారి ఆవిడ చదివి మడతపెట్టి, పాలకూర తరుగుతున్న పీట కింద ఎగుడుదిగుడు లేకుండా పెట్టుకుంది.

16 మార్చి

ఎవరైనా గేటు అంటే చాలు ఉలిక్కిపడుతున్నాను. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడం అంటే ఏమిటో ఈ వయసులో తెలిసింది.

ఉత్తరం రాయలేదు.

17 మార్చి

రాశాను. రెండు వాక్యాలే. రాజేశ్వరి చదివింది. మడతపెట్టి నా ఇస్త్రీ చొక్కా జేబులో పెట్టింది.

18 మార్చి, గురువారం, ఉగాది

పందిరి, మామిడాకులు, మైకు, అదే పురోహితుడు. కొత్త థర్మోకోల్ కాలనీ. కొత్తిమీర లేదు. కొనడానికి వచ్చినవాళ్ళు నలభై మంది దాకా ఉన్నారు. ఇంటర్నెట్ ఉదయం నుంచే కలవలేదు. నేను పెట్టె పీకలేదు.

పంచాంగ శ్రవణం జరుగుతుండగా ఫోను మూడు మోగి ఆగింది. గేటు ఠీవిగా తెరుచుకుంది. చెన్నకేశవులు గారు మైకు అందుకుని, ‘చూశారా, అతిథులు రాబోతున్నారని ఇల్లే కనిపెట్టింది!’ అన్నారు. చప్పట్లు. నేను వెళ్ళి మూసి వచ్చాను. మళ్ళీ మూడు. మళ్ళీ తెరుచుకుంది. పండగ కదా, మా వాళ్ళు ఊళ్ళకు చేరుతున్నారు. మూయడం, తెరుచుకోవడం. ఆరోసారికి చప్పట్లు ఆగిపోయాయి. రెండు మోగినప్పుడు మేడ మీద గీజరు ఆవిరి కక్కింది. ఆదాయం, వ్యయం చదువుతున్న పురోహితుడు ఆ చప్పుడుకు అవమానం దగ్గర ఆగిపోయాడు. ఏడోసారి కనకమ్మ బర్రె వచ్చింది.

పందిరికి కట్టిన మామిడాకులు, అరటి గెల దానికి నచ్చాయి. పట్టుచీరల వాళ్ళు కుర్చీలెక్కారు. చెన్నకేశవులు గారు తట్టుకోలేక, చేతిలో మైకు ఉన్న సంగతే మరిచిపోయి అరిచారు.

“వాచ్‌మన్ ఏడీ? ఈ ఇంటికి వాచ్‌మన్ ఏడీ?”

‘కాపలా అక్కర్లేని ఇల్లు’ బోర్డు ముందర, నాలుగు లౌడ్ స్పీకర్లలో! నలభై మంది ఒక్కసారి బోర్డు వైపు తిరిగారు. ఎవరో కిసుక్కున నవ్వారు. తర్వాత అందరూ నవ్వారు. నాకూ నవ్వొచ్చింది. అయితే చెన్నకేశవులు గారు మళ్ళీ, ‘ఆ సాయిలుగాడు గేటు పాడుచేసి పోయాడు’ అన్నారు. అప్పుడు నవ్వు ఆగిపోయింది.

నేను వెళ్ళి ఆయన చేతిలో మైకు తీసుకున్నాను. జేబులో కాగితం తీసి చదివాను.

“గేటు తెరిచి పెట్టింది నేను. మూస్తూ వచ్చింది సాయిలు.”

రెండోసారి చదివాను. నా గొంతు కొత్తగూడ దాకా వినిపించి ఉంటుంది. బర్రె కూడా నమలడం ఆపి చూసింది. పుణ్యవతి వదిన రింగు దగ్గర నుంచి అంతా చెప్పేశాను. చెబుతుంటే భయం పోయి తేలిగ్గా అనిపించింది. రాజేశ్వరి గుమ్మంలో నిలబడి కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూ, అదే కొంగు చాటున నవ్వుతోంది.

బాచుపల్లి నుంచి వచ్చిన ఒక పెద్దాయన లేచి, “ఇల్లు సంగతి తర్వాత చూద్దాం గానీ, ఆ సాయిలు ఎక్కడుంటాడండీ?” అని అడిగారు.

19 మార్చి

నన్ను ఉద్యోగం నుంచి తీసేశారు. పది రోజుల్లో ఇల్లు ఖాళీ చెయ్యాలి. ఇంతకంటే న్యాయం నేను కూడా అడగలేను.

సాయిలును మళ్ళీ పనిలోకి తీసుకున్నారు. వాచ్‌మన్‌తో అయితేనే ఇల్లు కొంటామని నిన్న పదకొండు మంది చెప్పారట. చెన్నకేశవులు గారు బోర్డు మార్చలేదు. ‘కాపలా అక్కర్లేని ఇల్లు’ కింద చిన్న అక్షరాలతో ‘కాపలా కలదు’ అని రాయించారు. పాత కాగితం మునిస్వామి దగ్గర నుంచి తెప్పించి నా ఎదురుగా చింపించాను. ముక్కలు సాయిలుకు ఇచ్చాను. అతను లెక్కపెట్టి మరీ పొయ్యిలో వేశాడు.

“ఫోను పెట్టె తీసేసి వెళ్తానండి, పది నిమిషాల పని” అని చెన్నకేశవులు గారితో అన్నాను.

“ఇకపై మీరు కంప్యూటర్ ముట్టుకోవడానికి వీల్లేదు” అన్నారు.

“తియ్యకపోతే ఎవరు మూడు రింగులిచ్చినా గేటు తెరుచుకుంటుందండి.”

“కుదరదు విశ్వేశ్వరరావు గారూ. సెక్యూరిటీ.”

నలుగురి ముందు వాదించే ఓపిక లేక వచ్చేశాను. కొత్త ఇంజనీరు వచ్చి చూసుకుంటాడట. ఆయన వచ్చేది జూన్‌లో.

28 మార్చి, ఆదివారం

కూకట్‌పల్లిలో కిరాయి ఇల్లు. రెండు గదులు, తలుపుకు గొళ్ళెం, గొళ్ళేనికి తాళం కప్ప. పుణ్యవతి వదిన తెచ్చిచ్చారు, గృహప్రవేశం కానుకట.

పొద్దున సామాన్ల లారీ బయల్దేరేటప్పుడు గేటు తెరుచుకోలేదు. పద్నాలుగూ నేనే నొక్కాను. మూడుసార్లు తప్పాయి. సాయిలు ఖాకీ చొక్కా తొడుక్కునే వచ్చి, అందరి ఎదుటా, పిడి తిప్పి చేత్తో తెరిచాడు.

“పోయినంక జర చెప్పుండ్రి సార్, మంచిగ చేరిండ్రో లేదో” అన్నాడు.

“చెప్తాను” అన్నాను. రాజేశ్వరి, బాలమ్మ ఒకరి చేతులు ఒకరు పట్టుకుని ఏడుస్తున్నారు. లారీ కదిలింది.

సాయంత్రం సామాన్లు సర్దడం అయ్యాక సందు చివర ఫోను దగ్గరికి వెళ్ళాను. నంబరు తిప్పి లెక్కపెట్టాను. ఒకటి. రెండు. మూడు. పెట్టేశాను.

సాయిలుకు తెలుస్తుంది, మేం చేరామని. లేచి వెళ్ళి గేటు మూస్తాడు.